బోధన్ యాంప్లిఫయర్‌లో ఠింగుమనే చప్పుడు

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది. నిజామాబాద్ గాంధీచౌక్ వెనక సందులో మా దుకాణం అప్పుడప్పుడే మళ్లీ గాడిన పడుతోంది. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు, ఒక పొడవాటి బల్ల, గోడ నిండా అట్టపెట్టెలు, అంతే. మా బాపు రేడియో మెకానిక్. నేను ఆయన పక్కన కూర్చునే పని నేర్చుకున్నాను. ఆయన పోయాక బల్ల నాది అయింది. టీవీలు, మిక్సీలు, మైక్ సెట్లు అన్నీ చూస్తాను గాని, పక్క ఊళ్ల నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చేది మాత్రం వాల్వు యాంప్లిఫయర్ల కోసం. ట్రాన్సిస్టర్లు రాకముందు చిన్న గాజు బుడ్ల లాంటి వాల్వులతో చేసిన పెట్టెలవి. స్విచ్చి వేశాక వాల్వు లోపల ఎర్రగా వెలిగి, వేడెక్కి, అప్పుడుగాని పాట మొదలవదు. వాటిని పారేయడానికి మనసొప్పని పెద్దవాళ్లు కొందరు, కొత్తగా మోజుపడ్డ కుర్రాళ్లు కొందరు ఇంకా ఉన్నారు.

ఆడమనిషి రిపేరు చేస్తుందా అని గుమ్మంలోంచే తిరిగిపోయేవాళ్లూ ఉన్నారు. పోనీండి. వాళ్ల పెట్టెల్లోని పాడు మోత వాళ్లింట్లోనే ఉంటుంది.

విఠల్ కాక అట్లా తిరిగిపోలేదు. దీపావళికి ముందు ఒక పొద్దున, దుప్పట్లో చుట్టిన బరువైన పెట్టెను ఛాతీకి ఆనించుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. బోధన్ నుంచి బస్సులో వచ్చాడట. దారి పొడవునా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడట.

"బిడ్డా, మెకానిక్ లేడా?" అన్నాడు.

"ఉన్నది. మీ ముందల్నే నిలవడ్డది," అన్నాను.

ఆయన ఏమాత్రం తొట్రుపడలేదు. "మంచిగైంది. ఆడోళ్ల చెవి మంచిగుంటదంటరు. జర దీని సంగతి సూడు" అని పెట్టెను బల్ల మీద దించాడు.

ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పాన్‌మ్యాన్‌గా చేసి రిటైరైన మనిషి. చెరకు రసాన్ని పెద్ద పాత్రలో మరిగిస్తూ, అది గింజ కట్టే సమయాన్ని కనిపెట్టే పని అది. కాస్త ముందైనా, కాస్త వెనకైనా ఆ వాయి మొత్తం పాడవుతుంది. అందుకే కాబోలు, ఆయనకు అన్నింట్లోనూ అంత పట్టింపు. పెట్టె విప్పి చూస్తే లోపల కూడా దుమ్ము లేదు. పాత సామాన్ల దుకాణంలో ఎప్పుడో కొన్నాడట. రోజూ సాయంత్రం పాత సినిమా పాటల రికార్డులు పెట్టుకుని వింటాడట.

"పాట నడుస్తుంటె నడిమిట్ల ఠింగు మంటది బిడ్డా. గిలాస మీద గోటితోని కొట్టినట్టు. ఒక్కసారి గాదు, వరసబెట్టి. కొద్దిసేపు మోగి దానంతట అదే బందైతది. మల్ల తెల్లారి పొద్దుగూకంగ షురూ."

"దేని మీద పెట్టిన్రు కాకా దీన్ని?"

"బండ మీద. గోడలకెళ్లి వచ్చిన షాబాద్ బండ. మనం ఊగుతం గాని అది ఊగదు."

ఈ ప్రశ్న ఎందుకడిగానో చెప్పాలి. యాంప్లిఫయర్‌లో అక్కరలేని చప్పుళ్లు ఎన్నో రకాలు. ఆగకుండా 'మ్‌మ్' అనేది హమ్. కరెంటును సాఫు చేసే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోతే వస్తుంది, ఎర్తు సరిగ్గా లేకున్నా వస్తుంది. చిటపటలు వినిపిస్తే సోల్డరింగ్ వదిలిందనో, వాల్యూమ్ తిప్పే కంట్రోల్‌లో దుమ్ము చేరిందనో అనుకోవాలి. ఠింగుమనే చప్పుడు మాత్రం చాలావరకు వాల్వుకు వచ్చే జబ్బు. దాన్ని మేము మైక్రోఫోనిక్ అంటాం. వాల్వు లోపల సన్నని తీగలతో చేసిన జాలి ఉంటుంది. వాడగా వాడగా అది వదులైతే, బయట ఏ కుదుపు తగిలినా ఊగుతుంది. ఆ ఊగుడు కూడా పాటతో పాటు పెరిగి పెద్దదై స్పీకర్‌లోంచి వస్తుంది. వాల్వు కాస్తా మైకు అయిపోతుందన్నమాట. అయితే కుదుపు తగలాలి. ఏదీ తగలకపోతే ఎంత జబ్బు వాల్వు అయినా నోరు మెదపదు.

పెన్సిలు తీసుకుని ఒక్కో వాల్వునూ మెల్లగా తట్టి చూశాను. మొదటి వాల్వు కొంచెం మోగింది. పాత వాల్వులన్నీ కొంచెం మోగుతాయి. గోడలో పాతిన బండ మీద ఉండే పెట్టెకు కుదుపు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని ఆ సంగతి పక్కన పెట్టేశాను. ఫిల్టర్ కెపాసిటర్ ఉబ్బి ఉంటే మార్చాను. రెండు చోట్ల వదులైన సోల్డరింగ్ మళ్లీ చేశాను. దుకాణంలో మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పాటలు పెట్టి ఉంచితే ఒక్క ఠింగు కూడా రాలేదు. తీసుకుపొమ్మని ఫోన్ చేశాను.

ఆయన తీసుకుపోయిన కొన్నాళ్లకే ఫోన్. "శారదా, మల్ల మోగుతుంది."

రెండోసారి తెచ్చాడు. ఈసారి రికార్డు మీద అనుమానపడ్డాను. రికార్డుకు పగులుంటే చుట్టు తిరిగినప్పుడల్లా టిక్కుమంటుంది. ఆయన తెచ్చిన రికార్డులన్నీ వెలుగులో పెట్టి చూశాను. అద్దాల్లా ఉన్నాయి. ఇక మిగిలింది కరెంటు. "మీ దిక్కు పొద్దుగూకినంక పొలాలల్ల బోర్ల స్టార్టర్లు ఏస్తరు కాకా. ఆ దెబ్బకు మోగుతుండొచ్చు. స్టెబిలైజర్ పెట్టుకోండ్రి" అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "రైతులు నా పాటకు బరాబర్ చూసుకొని బోర్లు బంద్ చేస్తరా బిడ్డా? పాట ఆగినప్పుడు ఠింగు ఆగుతది, పాట షురూ అయితె ఠింగు షురూ అయితది. ఇప్పుడు చెప్పు, నువ్వు దీన్ని బాగు చేసినవా, చేసినట్టు చేసినవా?"

ఆ మాట గుచ్చుకుంది. మా బాపు కూర్చున్న బల్ల దగ్గర నన్ను ఆ మాట ఎవరూ అనలేదు. పైగా, పాటతో పాటే ఆగే చప్పుడని ఆయన చెప్పాక కూడా నాకు ఏమీ తట్టకపోవడం ఇంకా గుచ్చుకుంది. "మీ ఇంటికి నేనే వస్త కాకా. అక్కడ్నే పట్టుకుంట దాన్ని" అన్నాను.

చెరకు కోతలు మొదలైన రోజులు. బోధన్ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తనడక నడిచింది. ఊళ్లో ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది గాని చెరకు పండటం ఆగలేదు. బండ్లు వేరే మిల్లులకు పోతున్నాయి. కాక ఇల్లు ఒక గల్లీ చివర. ఉద్యోగంలో ఉన్నప్పుడు కట్టుకున్న చిన్న ఇల్లు. ముందు హాలు, వెనక వంటిల్లు, పక్కన ఒక అర్ర. హాల్లో గోడకు, నడుం ఎత్తున షాబాద్ బండ అర. దాని మీద యాంప్లిఫయర్, పక్కన రికార్డు ప్లేయర్, కింద పెద్ద చెక్క స్పీకర్.

ఆయన భార్య రుక్మవ్వ నీళ్లు తెచ్చి ఇచ్చింది. పొట్టి మనిషి, నెమ్మది మాట. "ఇంత దూరం వచ్చినవు బిడ్డా, రొట్టె తిని పో" అంది.

"అవ్వా, మీకు గూడ పాటలంటె ఇష్టమేనా?" అని మాటవరసకు అడిగాను.

"గవన్నీ మీ కాకకే. నాకేం సమజ్ అయితయి."

"దానికి పాటలు పట్టయి. వంటింట్ల దాని లోకం దానిది" అన్నాడు కాక, రికార్డు తుడుస్తూ. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఎండాకాలం ఎండ కొడుతుంది అన్నట్టుగా అన్నాడు.

మధ్యాహ్నమంతా పాటలు విన్నాం. ఠింగు లేదు, ఏమీ లేదు. నేను ఎర్తు చూశాను, వోల్టేజీ చూశాను, ప్లగ్గు విప్పి బిగించాను. నాకు లోలోపల కొంచెం సంబరంగానే ఉంది. చూసినవా కాకా, నా పనిలో లోపం లేదు అని ఎట్లా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఊరికే రప్పించానని సిగ్గుపడుతున్నాడు పాపం.

పొద్దు వాలింది. వంటింట్లో రుక్మవ్వ పొయ్యి ముట్టించింది. కాక ఇంకో రికార్డు పెట్టాడు. పాట పల్లవి దాటింది. అప్పుడు వచ్చింది ఠింగు.

నేను లేచి నిలబడ్డాను. ఠింగ్, ఠింగ్ అని వరసగా వస్తోంది. చెవి పెట్టి విన్నాను. వింతేమిటంటే అది పాటలో కలిసిపోయి ఉంది. తబలా దెబ్బ ఎక్కడ పడుతుందో ఠింగు అక్కడే పడుతోంది. ఎవరైనా కొత్తవాళ్లు వింటే పాటలోనే ఎవరో చిన్న గంట వాయిస్తున్నారనుకుంటారు. నేను చెయ్యి చాచి రికార్డు మీది ముల్లును ఎత్తేశాను. పాట ఆగింది. ఠింగు ఇంకొక్కసారి మోగి ఆగిపోయింది.

"ఏమైంది, పాట బందైంది?" అని వంటింట్లోంచి రుక్మవ్వ అడిగింది.

"ఏం లేదవ్వా, చూస్తున్నం" అని మళ్లీ ముల్లు పెట్టి వంటింట్లోకి నడిచాను.

అక్కడ చూశాను. గోడకు ఇవతల ఉన్న వంట గద్దె, అవతల హాల్లోని అర ఒకే బండ. గోడ కట్టేటప్పుడే మేస్త్రీతో ఒక పొడవాటి బండను గోడలోంచి ఇటూ అటూ వచ్చేలా పెట్టించాడు కాక. ఇటువైపు బండ మీద పిండి చల్లుకుని రుక్మవ్వ జొన్న రొట్టె కొడుతోంది. మా దిక్కు జొన్న రొట్టెను కర్రతో ఒత్తరు. పిండి ముద్దను బండ మీద పెట్టి అరచేత్తో తడుతూ, తిప్పుతూ పలచగా చేస్తారు. ఆమె చెయ్యి పడ్డప్పుడల్లా హాల్లో స్పీకర్ ఠింగుమంటోంది. ఆమె పక్కన బండ మీద అరచెయ్యి ఆనించాను. దెబ్బ నా చేతికి తెలుస్తోంది.

ఆమె కళ్లు రొట్టె మీద, చెయ్యి పాట మీద. ఒక్క దెబ్బ తాళం తప్పలేదు. అది చూశాను. చూశాను గాని నాకు అప్పుడు కనిపించింది మైక్రోఫోనిక్ వాల్వు ఒక్కటే. ఇన్నాళ్లు తిప్పలు పెట్టిన జబ్బు దొరికిందన్న సంతోషంలో ఇంకేమీ కనిపించలేదు.

"కాకా, దొరికింది. మీ ఠింగు వంటింట్ల ఉన్నది" అని కేకేశాను.

ఆయన వచ్చాడు. చెప్పాను. నమ్మలేదు. రుక్మవ్వను కొట్టమని, తాను హాల్లోకి పోయి విని, మళ్లీ వచ్చి, మళ్లీ కొట్టమని, అట్లా రెండుమూడుసార్లు తిరిగాడు. చివరకు గోడకు ఆనుకుని కడుపుబ్బ నవ్వాడు. "ఇన్నొద్దులు నన్ను నిజామాబాద్‌కు, బోధన్‌కు తిప్పింది నువ్వా, రుక్మా."

రుక్మవ్వ నవ్వలేదు. పిండి చేతులు బండ మీద పెట్టి నిలబడింది. "గట్లనే ఉంటె ఏమైతది?" అని నన్ను అడిగింది.

"ఇప్పుడేం గాదవ్వా. కని జబ్బు వాల్వు గద, రోజురోజుకు ఎక్కువైతది. ఆఖరికి తలుపు ఏసినా మోగుతది."

"తియ్యి తియ్యి. పీడ పోతది" అన్నాడు కాక.

మొదటి వాల్వు తీసి, నా సంచిలో ఉన్న మంచిదాన్ని పెట్టాను. ఇక్కడ మా దుకాణం ఆచారం ఒకటి చెప్పాలి. వాల్వులకు గిరాకీ ఉన్న కాలంలో, చెడిపోయిన వాల్వులను తుడిచి, పైన నంబరు కొత్తగా దిద్ది, కొత్తవని అమ్మేవాళ్లుండేవారట. మా బాపుకు ఆ దొంగ వ్యాపారమంటే ఒళ్లుమంట. అందుకని తాను తీసిన చెడ్డ వాల్వును పెట్టె తెచ్చినవాళ్ల కళ్ల ముందే పగలగొట్టేవాడు. నేనూ అదే చేస్తూ వచ్చాను. చాలామంది అది చూసే నన్ను నమ్మారు.

"అవ్వా, ఒక పాత గుడ్డ ఉంటె ఇయ్యిండ్రి" అన్నాను. రుక్మవ్వ చేతులు తుడుచుకుని, వెతికి, ఒక గుడ్డ ముక్క తెచ్చి ఇచ్చింది. వాల్వును అందులో చుట్టి స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కటిచ్చాను. చిన్నగా టప్పుమంది. గాజు పెంకులు జాగ్రత్తగా చెత్తలో వేశాను.

"ఇప్పుడు కొట్టు రుక్మా," అన్నాడు కాక హాల్లోంచి. ఆమె కొట్టింది. "ఇంక గట్టిగ." ఇంకా గట్టిగా కొట్టింది. స్పీకర్‌లోంచి పాట ఒక్కటే వచ్చింది, కడిగిన ముత్యంలా. "శారదా, నీ చెయ్యి బంగారం గాను" అని ఆయన అక్కడి నుంచే అరిచాడు.

"ఇగ ఇనవడదన్నట్టు," అంది రుక్మవ్వ. నాతో అన్నట్టు లేదు. రొట్టెను పెనం మీద వేసి నీళ్లు అద్దింది.

ఆ రాత్రి వాళ్లింట్లో వేడి రొట్టెలు, పచ్చి మిరపకాయల తొక్కు కడుపునిండా తిన్నాను. రుక్మవ్వ నాకు రెండు రొట్టెలు మూట కట్టి కూడా ఇచ్చింది. చాలాకాలం ఈ కథను దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వించాను. రొట్టె చప్పుడును పట్టుకున్న మెకానిక్‌నని గొప్పలు పోయాను.

మరుసటి ఏడు వానాకాలంలో కాక మళ్లీ వచ్చాడు. చేతిలో పెట్టె లేదు. గడ్డం మాసి, చొక్కా వదులై, నేను వెంటనే గుర్తుపట్టలేదు. స్టూలు లాగి కూర్చోబెట్టాను.

"మీ అవ్వ పోయింది బిడ్డా," అన్నాడు. ఎండాకాలంలోనే పోయిందట. జ్వరమని దవాఖానలో చేర్చారట. ఇంటికి తిరిగి రాలేదట.

చాయ్ తెప్పించాను. ఆయన తాగలేదు.

"ఆ రోజు తీసినవు సూడు, పాత వాల్వు. గట్లాంటిది గావాలె నాకు" అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. కొత్త వాల్వు పోయిందేమో అనుకున్నాను. "మంచిదే పెట్టిన గద కాకా?"

"మంచిది వద్దు. ఠింగు మనేది గావాలె."

మెల్లగా చెప్పాడు. దినాలప్పుడు పక్కింటి ఆడమనిషి ఏడుస్తూ ఏడుస్తూ ఒక మాట అన్నదట. 'నా రొట్టె చప్పుడు ఆయన పాటల కలుస్తది సూడు' అని రుక్మవ్వ ఆమెను వంటింట్లోకి పిలిచి వినిపించేదట. ఏ పాటకు ఎట్లా కొట్టాలో కూడా ఆమెకు తెలుసునట. ఫలానా పాటకు నడుమ దెబ్బ ఆపాలి, ఫలానా దానికి ఉరికించాలి అని చెప్పి నవ్వేదట.

"ఆమెకు ముందుగాల్నుంచే ఎరుకనే బిడ్డా, ఆ ఠింగు తనదని. నేను పెట్టె మోసుకొని నీ దగ్గరికి వస్తుంటె ఒక్క మాట అనలే. చెప్తె నేను తీపిస్తనని ఎరుక." ఆయన చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు. "నువ్వు వచ్చి పోయినంక రొట్టెలు పగటి పూటనే చేసి పెట్టుడు షురూ చేసింది. పాటలప్పుడే చెయ్యరాదె, వేడిగుంటయి అంటె, ఇగ కలవది గద అన్నది. ఏంది కలవనిది అని నేను అడగలే. నలభై ఏండ్ల సంది ఆమెకు పాటలంటె పట్టదనుకున్న బిడ్డా నేను."

నేను తల దించుకున్నాను. ఆ వాల్వు మైక్రోఫోనిక్ అన్నది నిజం. తీయడం సరైన పనే. పగలగొట్టడం మా బాపు నేర్పిన నిజాయితీ. అన్నీ సరిగ్గానే చేశాను. అయినా ఆ క్షణంలో నా చేతులంటే నాకే అసహ్యం వేసింది. కళ్ల ముందు ఆమె చెయ్యి తాళం వేస్తుంటే చూసి కూడా, గట్లనే ఉంటే ఏమవుతుందని ఆమె నోరు తెరిచి అడిగితే కూడా, వాల్వు గురించి పాఠం చెప్పాను. నేనూ ఆడదాన్నే. నా మాటకు ఎవరూ చెవి ఇవ్వలేదని ఎన్నిసార్లు కుళ్లుకున్నానో లెక్కలేదు.

"కాకా, ఆ వాల్వు లేదు. మీ ముందల్నే పగలగొట్టిన," అన్నాను.

"ఎరుకే. గట్లాంటిది ఇంకోటి దొరకదా? ఇప్పుడు రొట్టెలు నేనే కొట్టుకుంటున్న. వంటింట్ల నిలవడి ఆమె ఏం విన్నదో ఒక్కసారి వినాలె నేను. గంతే."

ఆ వారం దుకాణంలో ఇంకో పని ముట్టుకోలేదు. ఉన్న వాల్వుల పెట్టెలన్నీ దించి, ఒక్కోటీ పెట్టి, పెన్సిలుతో తట్టి విన్నాను. జన్మంతా చెడ్డవాటిని ఏరి పారేసిన మనిషిని, ఇప్పుడు చెడ్డది ఒక్కటి దొరికితే బాగుండునని వెతికాను. దొరికినట్టే దొరికి, కొన్ని బొంగురుగా మోగాయి, కొన్ని తట్టగానే ఈలవేసి ఆగలేదు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి మైక్రోఫోనిక్ వాల్వులుంటే పంపమంటే, నాకు మతి పోయిందనుకున్నారు. చివరకు ఒకటి కుదిరింది. పాతదాని అంత సన్నటి మోత కాదు గాని, ఠింగు మాత్రం ఠింగే.

అది తీసుకుని బోధన్ పోయాను. పెట్టెలో బిగించాను. కాక అప్పటికే పిండి కలిపి పెట్టుకున్నాడు. "పాట నువ్వు పెట్టు" అని వంటింట్లోకి పోయాడు. ఆ రోజు మోగుతున్న రికార్డే పెట్టాను. పల్లవి దాటింది. వంటింట్లో చెయ్యి పడింది. స్పీకర్‌లో ఠింగుమంది.

"వచ్చింది కాకా," అన్నాను.

ఆయన కొడుతున్నాడు. ఠింగు వస్తోంది. ఒకటి తబలా కంటే ముందు, ఒకటి వెనక. నడుమ ఆగుతోంది, మళ్లీ తొందర తొందరగా వస్తోంది. పాట ఒక దిక్కు పోతుంటే ఠింగు ఇంకో దిక్కు పోతోంది. నేను కుర్చీ పట్టుకుని కూర్చుని, ఒక్కసారి కలవనీ, ఒక్కసారి కలవనీ అనుకుంటూ ఉన్నాను. రికార్డు ఒక పక్క మొత్తం అయిపోయింది.

కాక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మోచేతుల దాకా పిండి. ఏడుస్తున్నాడు.

"నాకు పాటనే వినవడలే బిడ్డా," అన్నాడు. "రొట్టె పలగకుండ సూసుకునుడే అయింది నాకు. ఇగ పాటెక్కడ వినాలె? ఆమె పెనం సూసుకుంట, మంట సూసుకుంట, రొట్టె తిప్పుకుంట, రోజు నా పాట మొత్తం విన్నది. నేను కుర్చీల కూసొని ఆమెది ఒక్కనాడు వినలే."

నేను లేచి, ఆయన చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోశాను. అంచులు చీలిన ఆ రొట్టెలే ఇద్దరం తిన్నాం. వచ్చేముందు, "ఇది తీసి ఆ మంచిదే పెట్టు, శారదా. ఇది నా చప్పుడు. నాకు ఆమెది గావాలె గాని నాది నాకెందుకు" అన్నాడు. మంచి వాల్వు మళ్లీ బిగించాను. ఆయన ఇప్పటికీ సాయంత్రాలు రికార్డులు వింటాడు. ఏ రిపేరుకూ నా దగ్గరికి రాలేదు. పెట్టె బాగానే పనిచేస్తున్నట్టుంది.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లు నన్ను అడుగుతుంటారు, యాంప్లిఫయర్ వస్తే ముందు ఏం చూడాలక్కా అని. మీటరు తర్వాత తియ్యండి, ముందు ఇంట్లోవాళ్లను అడగండి అంటాను. పెట్టె తెచ్చినవాడిని ఒక్కడినే కాదు, ఇంట్లో ఇంకెవరు వింటారో కనుక్కోండి, వీలైతే వాళ్లతో మాట్లాడండి అంటాను. నేను అడిగితే చాలామంది మగవాళ్లు, ఎవరూ వినరు, నేనొక్కడినే వింటాను అంటారు. నేను రాసుకుంటాను గాని నమ్మను. వాళ్లింటికి ఫోన్ చేసి, వంటింట్లో ఉన్నవాళ్లను ఒకసారి పిలవమంటాను.